బండి కట్టండీ రామా

పోయిన నెల గూడూరులో మా చిన్నది మనవరాలికి చెవులు కుట్టించి, ఆ సాయంత్రం ఇంట్లో భజన పెట్టించింది. చిన్నది అంటే మా మేనత్త కూతురు. దానికీ తల పూర్తిగా నెరిసింది, అయినా మా ఇంట్లో దాన్ని పిలిచేది అట్లాగే. కుర్రవాళ్ళు మైకులూ కీబోర్డూ పెట్టుకుని నాలుగు పాటలు పాడి, పానకం తాగి, ఇంకొకటి ఎత్తుకున్నారు.

"బండి కట్టండీ రామా... బండి కట్టండీ..."

నేను చేతిలోని పానకం గ్లాసు కింద పెట్టేశాను. చిన్నది కళ్ళు మూసుకుని తల ఊపుతూ చప్పట్లు కొడుతోంది. "ఏం పాటక్కా ఇది! వింటా ఉంటే ఏడుపొస్తుంది" అని నా చెవిలో చెప్పింది. నేను లేచి పెరట్లోకి పోయి కుళాయి గట్టు మీద కూర్చున్నాను. తర్వాత ఆ కుర్రవాళ్ళను పట్టుకుని ఈ పాట ఎవరు కట్టారని అడిగితే, "పాతకాలం తత్త్వం అమ్మా, ఎవరో మహానుభావుడు" అన్నారు. ఆ మహానుభావుడు మా తాత. ఆ పాట పుట్టినప్పుడు నేను ఆయన పంచె పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను.

మా ఊరు మనుబోలుకు తూర్పున, సముద్రం వైపు. గాలి మళ్ళితే ఉప్పు వాసన ఇంట్లోకి వచ్చేది. ట్రంకు రోడ్డుకు పోవాలంటే రేగడి బాట ఒక్కటే దారి. ఎండితే ఆ బాట కాళ్ళు కోసేది, తడిస్తే బండ్లను మింగేది. ఆ ఏడు కార్తీకం వచ్చినా చినుకు లేదు. చెరువు అడుగు కనబడింది. పెద్దవాళ్ళు నెత్తిన చేతులు పెట్టుకుంటే మా పిల్లలకు మాత్రం అదొక తిరునాళ్ళు. మిగిలిన బురద గుంటల్లో కొరమీనులు చేత్తో దొరికేవి. ఇంటింటా చేపల పులుసే. పొద్దున్నే చద్దన్నంలోకి నిన్నటి పులుసు, ముక్క ఊరి, పైన నూనె తేలుతూ... ఈ వయసులో కూడా చెప్తుంటే నోరూరుతుంది.

అంతలో పక్క ఊరివాళ్ళు ఏకాహం చేశారు. ఆ వారమే వాళ్ళ పొలాల మీద నాలుగు చినుకులు పడ్డాయి. ఇంక మా ఊళ్ళో నిద్ర పట్టిందెవరికి? చేలు ఎండుతున్నాయన్న బాధ కంటే పక్క ఊళ్ళో వాన పడిందన్న బాధ ఎక్కువైంది. "వాళ్ళ రాముడేమన్నా మన రాముడికంటే ఎక్కువా?" అని కరణం గారు మా అరుగు మీద కూర్చుని గట్టిగా అడిగాడు. ఆ మాటతో మా ఊరికీ ఏకాహం ఖాయమైంది.

చూడనివాళ్ళకు చెప్పాలి. ఏకాహమంటే సూర్యోదయం నుంచి మర్నాటి సూర్యోదయం దాకా రామనామం ఆగకుండా పాడాలి. ముందు ఒకాయన అంటాడు, వెనక ఉన్నవాళ్ళంతా ఆయన ఏమంటే అదే తిరిగి అంటారు. వెనకవాళ్ళు జట్లుగా మారుతూ తిండీ నిద్రా చూసుకోవచ్చు. ముందు అనే పెద్దకు ఆ వసతి లేదు. ఆయన చేతికి కంకణం కడతారు. అది విప్పేదాకా ఆయన నోట నామం తప్ప ఇంకొక మాట రాకూడదు. నామం తెగితే ఊరికి అరిష్టం. ఆ రోజు ఊళ్ళో ఏ ఎద్దు మెడ మీదా కాడి పెట్టకూడదు. పొయ్యి మీద నీచు వండకూడదు. ఏదన్నా అత్యవసరం వచ్చి బండి కట్టాల్సి వస్తే, కంకణం కట్టుకున్న పెద్ద సరే అనాలి. మాట్లాడకూడని మనిషి దగ్గరే అనుమతి పెట్టారన్నమాట. ఆ కట్టుబాటు పెట్టిన బుద్ధిమంతులు ఎవరో గానీ, దొరికితే రెండు మాటలు అడగాలని నాకు ఇప్పటికీ ఉంది.

కంకణం మా తాతకు కట్టాలని ఊరంతా ఒక్క మాట మీద నిలిచింది. ఆయన గొంతు అట్లాంటిది. మనిషి కూడా చెడ్డవాడు కాదు. పిల్లల మీద చెయ్యెత్తడు, ఎవరి గట్టూ జరపడు. తనను నలుగురూ భక్తుడు అంటే మాత్రం చెవులు అటే ఉండేవి. కంకణం ముచ్చట మొదలైనప్పటి నుంచీ ఇంట్లో ఉట్టి మీది పులుసు దాక ఆయనకు శత్రువైపోయింది.

"పారబొయ్యి దాన్ని. ఇల్లంతా నీచు కంపు" అన్నాడు అవ్వతో.

"అట్నేలే, పోస్తా" అని అవ్వ దాన్ని పిడకల కొట్టంలో దాచిపెట్టింది. ఆమె దేవుడికి దణ్ణం పెట్టేది గానీ పులుసు పారబోసే రకం కాదు.

ఆ కొట్టంలో పిడకల చాటున కూర్చుని ఆ దాకను ఖాళీ చేసింది మా అత్త, నేను. అత్త అంటే తాతకు ఒక్కగానొక్క కూతురు, తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. మామ మద్రాసులో పని. నిండు పొట్టతో కింద కూర్చోలేక, గోడకు జారబడి కాళ్ళు చాపుకుని, ఒళ్ళో గిన్నె పెట్టుకుంది. ముల్లు తీసి నాకు ముక్క పెడుతూ తనూ తింటోంది. వాసన బయటికి పోకుండా నా చేత పిడక ఒకటి రాజేయించింది. పొగకు ఇద్దరికీ కళ్ళ నీళ్ళు, ఆపుకోలేని నవ్వు.

"రాముడికి చెప్పబాక మే" అంది. "చెప్తే నాకు కాదు, లోపలుండే వాడికి తంటా. వాడే అడిగినాడు పులుసు."

ఊళ్ళో తక్కిన ఏర్పాట్లు కూడా గొప్పగా జరిగాయి. చెరువు కింద చేపలు పట్టుకుని బతికే యానాది కుటుంబాన్ని, నీచు వాసన వస్తుందని, కాలువ కట్ట అవతలికి పొమ్మన్నారు. నిన్నటిదాకా వాళ్ళ దగ్గర చేపలు తెచ్చుకుని తిన్నవాళ్ళే పోయి చెప్పివచ్చారు. ఉప్పు మడులున్న ఆసామి ఒకాయన ఉండేవాడు. వాన పడితే ఆయన ఉప్పంతా కరిగిపోతుంది. అయినా ఏకాహానికి రాకపోతే నలుగురూ ఏమనుకుంటారోనని ముందు వరసలోనే కూర్చున్నాడు. "రాముడు తల్చుకుంటే చెరువు మీద మటుకు కురిపించలేడా? మడులదాకా రావాల్నా?" అని మా తాతను రహస్యంగా అడగడం నేను విన్నాను. ఆ ఆసామికి నామం అనేటప్పుడు పెదాలే కదిలేవి.

ఏకాహం మొదలైన పొద్దున మామిడాకులు, సాంబ్రాణి, వడపప్పు వాసనల్లో ఊరు ఊరంతా కొత్తగా ఉంది. మా బండిని కడిగి, అరటి పిలకలు కట్టి, మర్నాడు ఊరేగింపు కోసం దాని మీద రాముడి పటం నిలబెట్టారు. తాత స్నానం చేసి, కంకణం కట్టించుకుని, చిడతలు పట్టుకుని, గుడి ముందు వేసిన పందిట్లో నామం ఎత్తాడు. నిజం చెప్పాలి, ఆ గొంతుకు నాకు కూడా ఒళ్ళు పులకరించింది.

అత్తకు తెల్లవారుజామునే నొప్పులు మొదలయ్యాయి. ఎండ ముదిరేసరికి మంత్రసాని బయటికి వచ్చి చేతులు కడుక్కుంటూ, "బిడ్డ అడ్డం తిరిగుండాదమ్మా. నా చేతుల్లో లేదు. గూడూరికి తీసుకోని పోండి, జాగు చెయ్యబాకండి" అంది. మా అమ్మ ఏడ్చింది. అవ్వ ఏడవలేదు. పందిరి బయట నీడలో జట్టు దిగి కూర్చున్న మగవాళ్ళ దగ్గరికి పోయి బండి కట్టమంది.

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఇయ్యాల కాడి పెట్టకూడదు గదా వదినా" అన్నాడొకడు. "పెద్దాయన ఒక్క మాటంటే ఇప్పుడే కడతాం" అన్నాడు ఇంకొకడు. "మాకేం అభ్యంతరం? నలుగురూ ఏమంటారో..." అన్నాడు మూడోవాడు. ఆ నలుగురు ఎవరో నాకు అప్పుడే కాదు, ఇన్నేళ్ళు బతికినా తెలియలేదు. అక్కడ కూర్చున్నవాళ్ళు తప్ప వేరే ఎవరూ లేరు.

అవ్వ నన్ను పిలిచి, "లోపలికి పొయ్యి మీ తాత చెవులో చెప్పు" అంది. ఆడవాళ్ళు ఆ పందిట్లోకి పోకూడదు, చిన్నపిల్లనని నాకు అడ్డు లేదు.

పందిట్లో పొగ, చెమట, నలిగిన బంతిపూల వాసన. మనుషుల మధ్య నుంచి దూరి తాత పంచె లాగాను. ఆయన నామం అంటూనే వంగి చెవి ఇచ్చాడు.

"తాతా, అత్తకు బిడ్డ అడ్డం తిరిగిందంట. గూడూరికి పోవాలంట. బండి కట్టమని చెప్పు."

చిడతలు ఒక దెబ్బ తప్పాయి. ఆయన మొహంలో రక్తం లేదు. ఇప్పుడు తాత కేక వేస్తాడు, అందరూ లేచి పరుగెత్తుతారు అనుకున్నాను. తాత నిజంగానే గొంతెత్తాడు. కానీ నామం తెగకుండా, అదే వరసలో, అదే తాళంలో ఎత్తాడు.

"బండి కట్టండీ రామా... బండి కట్టండీ..."

వెనక ఉన్న గొంతులన్నీ ఒక్కసారి లేచాయి. "బండి కట్టండీ రామా... బండి కట్టండీ..."

"కూతురికి కష్టం రామా... బండి కట్టండీ..."

"కూతురికి కష్టం రామా... బండి కట్టండీ..."

ఒక్కడు లేవలేదు. పొద్దుటి నుంచీ ఒకే మాట అని అని విసిగిపోయిన ప్రాణాలకు కొత్త చరణం దొరికింది. హార్మోనియం ఆయనకు ఎక్కడలేని హుషారు వచ్చింది. బయట కూర్చున్న జట్టు కూడా లేచి వచ్చి గొంతు కలిపింది. తాత కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే అది చూసి కరణం గారు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. తాత మా ఇంటి వైపు చెయ్యి చూపించి పాడాడు. వాళ్ళూ చేతులు అటే చాపి పాడారు. మా బండి తోలే పాలేరు అందరికంటే పైన అందుకున్నాడు. నేను వాడి చెయ్యి పట్టుకుని, "నిన్నేరా, బండి కట్టమంటుండాడు తాత!" అన్నాను. వాడు నోటి మీద వేలు పెట్టి, నామం మధ్యలో మాట్లాడకూడదన్నట్టు తల ఊపాడు.

నేను తాత వైపు చూశాను. ఆయన నన్ను చూశాడు. ఒక్క మాట చాలు, పాట కాకుండా మామూలు మాట. చిడతలు కింద పడేసినా చాలు. ఆయన నోరు తెరిచాడు, మూశాడు. తర్వాత కళ్ళు గట్టిగా మూసుకుని మళ్ళీ పాత నామం ఎత్తుకున్నాడు. పెద్దవాళ్ళకు అన్నీ తెలుసు అని అంతకు ముందు నేను అనుకునేదాన్ని.

ఇంటికి పరుగెత్తాను. "ఏమన్నాడు?" అంది అవ్వ.

"పాడినాడు."

"ఏం పాడినాడే?"

"బండి కట్టమని పాడినాడు. అందరూ పాడినారు."

అవ్వ కొంగు నడుముకు బిగించి బండి దగ్గరికి పోయింది. పటాన్ని రెండు చేతులా ఎత్తి నా చేతుల్లో పెట్టింది. "పట్టుకో మే. కింద పెట్టబాక" అని, తనే ఎద్దులను తెచ్చి కాడి కింద నిలబెట్టింది. పందిట్లోవాళ్ళు అది చూశారు. చూసీ ఏమీ అనలేకపోయారు, తిడితే నామం తెగుతుంది కదా. కరణం గారికి మాత్రం ఉపాయం తోచింది. "ఆడదానివి నీకు తగునా రామా..." అని వరసలోనే అందుకున్నాడు. జనం దాన్ని కూడా తిరిగి అన్నారు.

అమ్మ, మంత్రసాని కలిసి అత్తను గడ్డి మీద పడుకోబెట్టారు. కింద పెట్టొద్దన్నారు కాబట్టి నేను పటంతో సహా ఎక్కి కూర్చున్నాను. ఊరంతా పిలుస్తున్న రాముడు నా ఒళ్ళో ఉన్నాడు. అవ్వ పగ్గాలు పట్టింది.

కాలువ దాకా పోయేసరికి సముద్రం వైపు నుంచి మబ్బు లేచి, చూస్తుండగానే వాన దిగింది. వెనక పందిట్లో పెద్ద హోరు. డప్పులు, కేకలు, ఈలలు. అత్త కళ్ళు తెరిచింది. "వాన పడతా ఉండాదా? మా నాయన గెలిచినాడే" అని నవ్వబోయి, నొప్పికి పెదవి కొరుక్కుంది.

వాళ్ళు అడిగిన వానే మా బండిని పట్టేసింది. చక్రం ఇరుసుదాకా బురదలో దిగింది. అవ్వ వెనక్కి తిరిగి ఊరి వైపు ఎన్ని కేకలు పెట్టిందో. వాళ్ళ సంబరంలో ఎవరికి వినబడుతుంది? కట్ట అవతల తాటాకుల కింద తలదాచుకున్న యానాది దంపతులకు వినబడింది. అతను చక్రానికి భుజం పెట్టాడు. ఆమె ఎవరూ చెప్పకుండానే బండెక్కి అత్త తల ఒళ్ళో పెట్టుకుంది. ట్రంకు రోడ్డు వచ్చేదాకా దిగలేదు. అక్కడ బండిని వాళ్ళిద్దరికీ అప్పగించి, నిమ్మకాయల లారీ ఒకటి ఆపి అత్తతో పాటు మేమూ ఎక్కాం. మా నాన్న గూడూరు నిమ్మకాయల మండీలో గుమాస్తా, కబురు తెలిసి ఆసుపత్రికి పరుగెత్తి వచ్చాడు.

డాక్టరమ్మ బిడ్డను బతికించింది. "పొద్దున్నే తెచ్చుంటే ఇద్దరూ దక్కేవాళ్ళు గదయ్యా" అంది నాన్నతో. మా అత్త ఆ రాత్రి గడవకముందే పోయింది. ఆ బిడ్డే మా చిన్నది.

అమ్మను బిడ్డ దగ్గర ఉంచి, అవ్వ, నాన్న, నేను అత్తను తీసుకుని ట్రంకు రోడ్డు దాకా లారీలో, అక్కడి నుంచి మా బండిలో తిరిగి వచ్చాం. వాన వెలిసింది. రాముడి పటం ఇంకా నా ఒళ్ళోనే ఉంది. తూర్పు ఎర్రబడుతుండగా బండి ఊరి మొదట్లోకి వచ్చింది. కరణం గారు, ఇంకో ఇద్దరు గబగబా ఎదురు వచ్చారు. బండిలోకి చూసి తలలు దించుకున్నారు. బాధపడలేదని అనను, వాళ్ళ కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి. ఆ నీళ్ళతోనే కరణం గారు అవ్వతో, "ఒక్క రవ్వ ఇక్కడే ఆగమ్మా. మంగళహారతి కానీ. నామం ముగియక ముందే శవం ఊళ్ళోకి వస్తే ఇంత పుణ్యమూ బూడిదపాలు" అన్నాడు.

మా నాన్న చెయ్యెత్తాడు. అవ్వ ఆపింది. ఆమె ఎందుకు ఆగిందో నాకు తెలియదు, ఒంట్లో ఓపిక అయిపోయి ఉంటుంది. కూతురి పాదాల మీద చెయ్యి వేసి అట్లాగే కూర్చుంది.

కానీ పందిరి రోడ్డుకు ఎదురుగానే ఉంది. తాత మమ్మల్ని చూశాడు. బండిని, అవ్వ చేతి కింద కప్పిన గుడ్డను చూశాడు. ఆయన గొంతు చీలిపోయింది.

"నా తల్లీ..."

రాత్రంతా పాడి, రోడ్డుకు వీపు పెట్టి, కళ్ళు మూసుకుని తూగుతున్న జనం ఒక్క గొంతుతో అన్నారు.

"నా తల్లీ..."

హార్మోనియం కూడా వాయించింది. నేను చెవులు మూసుకున్నాను. ఇప్పటికీ ఎవరన్నా నలుగురు ఒకే మాట ఒకేసారి అంటే నా చేతులు చెవుల మీదికి పోతాయి. ఎవరో చప్పున నామం అందుకుని తెగకుండా కాపాడారు. హారతి అయింది. కంకణం విప్పారు. అప్పుడు వచ్చాడు తాత, బండి చక్రం పట్టుకుని కూలబడి, "ఎట్టా చేసేదే... నామం తెగకూడదు గదే..." అని ఏడ్చాడు.

"రాముడు చెప్పినాడా నీకు, కూతురు చస్తా ఉంటే నోరు తెరవబాకని?" అంది అవ్వ. కోపంగా కూడా అనలేదు. "చెప్పుంటే ఆయన దేవుడు కాడు. చెప్పకపోయుంటే నువ్వు మనిషివి కావు."

ఆ సాయంత్రమే ఊరి పెద్దలు ఇంటికి వచ్చారు. పరామర్శ అయ్యాక, బండిని యానాదులు తాకారు కాబట్టి పసుపునీళ్ళతో కడిగించమని మెల్లగా చెప్పారు. అవ్వ లేచి లోపలికి పోయింది.

తర్వాత జరిగింది చెప్తే మీరు నమ్మరు. చెరువు నిండింది. పంట విరగపండింది. ఉప్పు ఆసామి కూడా తన మడులు కరిగింది తన భక్తి చాలకేనని ఒప్పుకున్నాడు. ఊరంతా కలిసి మా తాతను పెద్ద భక్తుణ్ణి చేశారు. కూతురు పోతున్నా నామం తెగనివ్వని మనిషి అన్నారు. అందుకే రాముడు తల్లిని తన దగ్గరికి పిలుచుకుని బిడ్డను ప్రసాదంగా ఇచ్చాడన్నారు. కాడి కట్టి అపచారం చేసింది అవ్వ కాబట్టి ప్రాణం పోయింది ఆమె వల్లనేనని కూడా కొందరు అన్నారు. పక్క ఊళ్ళ నుంచి కంకణం కట్టించుకోమని తాతకు పిలుపులు వచ్చాయి. మొదట్లో తల అడ్డంగా ఊపేవాడు. రోజులు గడిచేకొద్దీ వినేవాడు. ఒకనాడు పంచె మార్చుకుని పోయాడు.

రెండు మూడేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం అరుగు మీద ఎవరో కొత్తవాళ్ళకు తాత ఆ కథ తనే చెప్పడం నా చెవులారా విన్నాను. "పాప వచ్చి చెవులో చెప్పింది. గుండె పగిలింది నాకు. అయినా తెగనీలేదు" అన్నాడు. గొంతులో వణుకు ఉంది, దాని వెనక గర్వమూ ఉంది. వాళ్ళు ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టారు. పాట కూడా పాడి వినిపించమంటే పాడాడు. అవ్వ గడపలో నిలబడి అంతా విన్నది. చంకలో చిన్నది ఉంది. మజ్జిగ చెంబు వాళ్ళ ముందు పెట్టి, పిల్లకు అన్నం పెట్టడానికి లోపలికి పోయింది. ఆ పాటలోని కూతురు దాని తల్లేనని అవ్వ ఆ పిల్లకు ఎప్పుడూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

చాలా ఏళ్ళు నేను తాతను క్షమించలేదు. ఇప్పుడు ఆయన వయసు నాకు వచ్చాక కొంత తెలుస్తోంది. ఆ కథను నమ్మకపోతే ఆయన ఒక్క రోజు కూడా బతకగలిగేవాడు కాదు. అవ్వ మాత్రం ఏ కథనూ నమ్మకుండా, ఆ పిల్లను పెంచుకుంటూ, ఆయనకు రెండు పూటలా అన్నం వడ్డిస్తూ, ఆయన కంటే ఎక్కువ కాలం బతికింది.